మొరం దారిలో ఆదిబాబు బ్రేకు

లారీ నడిపేవాళ్లు టాటానగర్ పక్కన మా ఆదిత్యపూర్‌లో వందల మంది ఉండేవాళ్లు. లారీ ఆపడమే ఉద్యోగంగా ఉన్నవాడు మాత్రం నాకు తెలిసి ఆదిబాబు ఒక్కడే. మా ఫ్యాక్టరీలో లారీలకు బ్రేకు సామాను తయారయ్యేది. తయారైనవాటిని ఒక పాత లారీకి బిగించి, వెనక ఇసుక బస్తాలు నింపి, ఆదిబాబుకి అప్పజెప్పేవాళ్లు. అతను బండిని జోరుగా తోలుకొచ్చి గీత దగ్గర బ్రేకు తొక్కేవాడు. మేం టేపు పట్టుకుని కొలిచేవాళ్లం. మళ్లీ వెనక్కి వెళ్లి మళ్లీ తోలుకొచ్చేవాడు. మధ్యాహ్నమయ్యేసరికి ఆవరణంతా కాలిన బ్రేకు లైనర్ల వాసన వేసేది. నేను స్టోర్స్‌లో గుమాస్తాని. పరీక్షలున్న రోజుల్లో కొలతలు రాయడానికి నన్ను పిలిచేవారు. అలా అతనితో స్నేహం కలిసింది.

ఆదిబాబు తండ్రి బొబ్బిలి వైపు నుంచి వచ్చి టాటానగర్ లోకోషెడ్డులో ఖలాసీగా చేరాడు. కొడుకునీ రైల్వేలోనే పెట్టాలని ఆయన ఆశ. ఆ కుర్రాడికి పట్టాల మీద పోయే బండి నచ్చలేదు. "అది ఎటు పోవాలో ముందే రాసిపెట్టేత్తారు. తోలడానికి ఏటుంది?" అనేవాడట. క్లీనరుగా మొదలుపెట్టి, లైసెన్సు తెచ్చుకుని, గనుల నుంచి ఇనుపరాయి దింపే లారీల్లో కుదిరాడు. పెళ్లయ్యాక భార్య నూకమ్మ తమ్ముడు సన్యాసిరావుని కూడా ఆ పనిలోకే తెచ్చి, తన పక్కన కూచోబెట్టుకుని నేర్పాడు. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు బళ్లు తోలుకుంటూ కొండ దిగేవాళ్లు.

1978 వానాకాలంలో సన్యాసిరావు పోయాడు. ఆ రోజు అతని బండి ముందుంది, ఆదిబాబుది వెనక. మలుపు తిరిగేసరికి ముందు బండి కనబడలేదు. ఆదిబాబు దిగి చూశాడు. ఎర్రమట్టి రోడ్డు కుడికి తిరిగింది. టైర్ల జాడలు మాత్రం నున్నగా, చేత్తో పూసినట్టు, తిన్నగా లోయ అంచుదాకా వెళ్లాయి. కింద చెట్లలో పడి ఉన్న లారీ దగ్గరికి దిగితే ముందు చక్రాలు కుడివైపుకి పూర్తిగా తిరిగి ఉన్నాయి. సన్యాసిరావు స్టీరింగు తిప్పాడు. తిరగనిది బండి.

చక్రం బిగుసుకుపోతే బండి స్టీరింగు మాట వినదని డ్రైవర్లందరికీ తెలుసు. అందుకే తొక్కి, వదిలి, తొక్కి, వదిలి ఆపాలని అందరూ చెబుతారు. కానీ మనిషి ఎదురుగా లోయ కనబడితే తొక్కుతాడు, తొక్కుతూనే ఉంటాడు.

ఆ తర్వాత కూడా ఆదిబాబు కొన్నేళ్లు ఆ కొండ మీదే బండి తోలాడు. చివరికి నూకమ్మ పట్టు పట్టింది. "ఆ కొండకి నా ఇంటినుంచి ఇంకో మనిషిని ఇవ్వను" అంది. ఆమె భుయ్యాడీహ్‌లో ఇంటి ముందు రేకు దించి కాంట్రాక్టు కూలీలకు భోజనాలు పెట్టేది. ఒకసారి మాట అంటే మళ్లీ అనే అలవాటు లేదు. ఆదిబాబు మా ఫ్యాక్టరీకి వచ్చేశాడు.

1986 ఎండాకాలంలో ఆ పెట్టె వచ్చింది. బయటిదేశపు కంపెనీ ఒకటి ఇక్కడి రోడ్ల మీద ఎలా పనిచేస్తుందో చూడమని మాకు పంపింది. చక్రానికి పళ్ల రింగు, దాని పక్కన ఒక సెన్సరు, గాలి గొట్టాల్లో కొత్త వాల్వులు, సీటు కింద ఇనుప పెట్టె. దీన్ని చూసే బాధ్యత ఇంజినీరు సీతారామరావు గారిది. కాకినాడ మనిషి. ఆదిబాబు కంటే చిన్నవారే గాని బాగా ఆలోచించి మాట్లాడేవారు.

"చక్రం బిగుసుకుంటోందని పెట్టెకి తెలియగానే బ్రేకులో గాలి వదిలేస్తుంది, ఆదిబాబూ. చక్రం కొంచెం తిరగ్గానే మళ్లీ పట్టుకుంటుంది. మీరు కాలితో చేసే పనే. కానీ సెకనులో ఎన్నోసార్లు చేస్తుంది. మీరు గట్టిగా తొక్కి ఉంచితే చాలు."

"వదలకుండానా?"

"వదలొద్దు."

ఆదిబాబు నవ్వాడు. నమ్మని నవ్వు.

ఫ్యాక్టరీ వెనక సిమెంటు రోడ్డు మీద సబ్బు నీళ్లు పోయించారు. మధ్యలో ఖాళీ డ్రమ్ములు నిలబెట్టారు. బ్రేకు పూర్తిగా తొక్కి, డ్రమ్ములకి తగలకుండా పక్కకి తిప్పాలి. మొదట పెట్టె పనిచెయ్యకుండా కట్టేసి తోలాడు. లారీ జారుకుంటూ పోయి డ్రమ్ములన్నిటినీ పడగొట్టింది. తర్వాత పెట్టె పెట్టి తోలాడు. కింద నుంచి ఫుస్ ఫుస్ ఫుస్ మని గాలి చప్పుడు వినిపించింది. లారీ చెప్పిన మాట విన్నట్టు పక్కకి వంగి, డ్రమ్ములు దాటి ఆగింది.

ఆదిబాబు దిగాడు. రోడ్డు మీద వంగుని జారిన జాడల కోసం వెతికాడు. లేవు. తల గుడ్డతో మొహం తుడుచుకుని, "ఇంకోపాలి" అన్నాడు. సాయంత్రం దాకా ఇంకోపాలి, ఇంకోపాలి అంటూనే ఉన్నాడు. ఆఖరికి సీతారామరావు గారే డీజిల్ అయిపోతోందని ఆపించారు.

ఆ సాయంత్రం నన్ను భోజనానికి లాక్కుపోయాడు. చెయ్యి కూడా కడుక్కోకుండా భార్యకి చెప్పడం మొదలుపెట్టాడు. "ఓలె నూకమ్మా, సబ్బు నీళ్లల్లో తిరిగినాదే బండి! బ్రేకు మీద బ్రేకు ఏసుంటే కూడా తిరిగినాది. ఇది ఉంటే తమ్ముడు బతికీవోడు."

నూకమ్మ అన్నం వడ్డిస్తున్నది ఆగింది.

"బతికీవోడని ఇప్పుడు నాకెందుకు సెప్తన్నావు బావా?" అంది. "ఆడు పోయి ఎనిమిదేళ్లయ్యింది. ఆ పెట్టె ఇన్నాళ్లూ ఎక్కడ సచ్చింది?"

ఆదిబాబు చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. వాళ్ల కూతురు పద్మకుమారి పుస్తకంలోంచి తలెత్తి, "పాపా, ఖానా ఖా లో" అంది నెమ్మదిగా, నాన్నని అన్నం తినమని. అందరం తిన్నాం.

కానీ ఆ రోజు నుంచి అతనికి ఆ పెట్టె అంటే భక్తి పట్టుకుంది. టీ కొట్టు దగ్గర కనబడిన ప్రతి డ్రైవరుకీ దాని సంగతే. రోజూ పొద్దున్నే సెన్సర్ల మీద దుమ్ము తుడిచేవాడు. ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

తర్వాతి పరీక్ష కచ్చా రోడ్డు మీద. మాంగో బస్తీ దాటి దల్మా కొండల వైపు పోతే, ఎప్పుడో ఒక కాంట్రాక్టరు వేసి వదిలేసిన మొరం దారి ఉంది. కొండ దిగే ఆ దారికి పై భాగమంతా గులకరాళ్లు, కింది భాగమంతా ఎర్రమట్టి, అడుగున వాగు. బయలుదేరే ముందు సీతారామరావు గారు చెప్పారు: "ఆదిబాబూ, వదులు రాళ్ల మీద ఇది ఎక్కువ దూరం పోవచ్చని వాళ్ల కాగితాల్లోనే రాసి ఉంది. ఎంత దూరమో మనం చూడాలి. మెల్లగా మొదలుపెట్టండి."

"సబ్బు నీళ్లల్లో ఆగినాది, రాళ్లల్లో ఆగదేటి సారూ?" అన్నాడు ఆదిబాబు. ఆయన మాట అతని చెవికి ఎక్కలేదు.

మెల్లగా మొదలుపెట్టలేదు. జోరుగా వచ్చి గీత దగ్గర తొక్కాడు. ఫుస్ ఫుస్ మని చప్పుడైతే వచ్చింది. బండి ఆగలేదు. గతుకుల మీద చక్రాలు ఎగిరినప్పుడల్లా పెట్టె గాలి వదిలేస్తోంది. ఆగుతుందనుకున్న చోట పెట్టిన డ్రమ్ముని పడగొట్టి, దాని వెనక డ్రమ్మునీ పడగొట్టి, నేను నిలబడ్డ చోటు దాటి చాలా దూరం పోయి ఆగింది. నేను అప్పటికే పొదల్లోకి గెంతేశాను.

ఆదిబాబు దిగి వచ్చాడు. మొహం పాలిపోయింది. ముందు నా ఒళ్లంతా తడిమి చూశాడు. తర్వాత లారీ కేసి తిరిగి ఒక బూతు మాట అన్నాడు.

సీతారామరావు గారు ఫ్యూజు పీకించి, అదే వేగంతో మళ్లీ తోలమన్నారు. ఈసారి చక్రాలు బిగుసుకుని, రాళ్లలోకి దిగబడి, మొదటి డ్రమ్ముకి ఇవతలే బండి ఆగింది. ఆయన ముందు టైరు దగ్గర కూచుని మమ్మల్ని పిలిచారు. టైరు ముందు గులకరాళ్లు గుట్టలా పోగుపడి ఉన్నాయి.

"ఇదిగో, ఇదీ కారణం. చక్రం బిగుసుకుంటే రాళ్లని తన ముందుకి తోసుకుంటుంది. ఆ గుట్టే అడ్డుకట్టలా పనిచేస్తుంది. పెట్టె ఉంటే చక్రం తిరుగుతూ ఆ గుట్ట మీదకి ఎక్కేస్తుంది. గుట్ట నిలవదు."

"అయితే ఇది దొంగ పెట్టె సారూ."

"దొంగ కాదు. తారు రోడ్డుకి పుట్టింది."

ఎంత నమ్మాడో అంత విరిగిపోయింది ఆదిబాబు మనసు. పెట్టె పెట్టుకుని కొండ దిగనని మొండికేశాడు. తీసెయ్యాల్సిన అవసరం వచ్చినప్పుడల్లా ఫ్యూజు పీకలేం కదా, చేతికందేలా స్విచ్చి పెట్టండి అన్నాడు. సీతారామరావు గారు వెంటనే ఒప్పుకోలేదు.

"స్విచ్చి పెట్టడం ఎంతసేపు? కానీ అది మనిషి చేతిలో ఉంటుంది. ఎప్పుడు వెయ్యాలో ఎప్పుడు తియ్యాలో అతనే తేల్చుకోవాలి."

"ఇరవయ్యేళ్లు కచ్చా రోడ్డు మీద బతికినోణ్ణి. నాకు తెలదేటి?"

చివరికి ఆయన ఒప్పుకున్నారు. స్విచ్చి పెట్టించారు. మొరం దారి ఎక్కగానే ఆదిబాబు దాన్ని కిందకి నొక్కి పెట్టెని కట్టేసేవాడు. తారు రోడ్డు మీదకి వచ్చాకే మళ్లీ పైకి లేపేవాడు. ఒక్కరోజు కూడా మర్చిపోలేదు. తర్వాత జరిగింది మరుపు వల్ల కాదు.

జూలైలో వానలు పట్టుకున్నాయి. తడిలో కూడా కొలతలు కావాలన్నారు. ఆ రోజు నేను లారీలోనే, ఆదిబాబు ఎడమపక్కన కూచున్నాను. సీతారామరావు గారు కింద వాగు దగ్గర జీపులో ఉన్నారు. పొద్దుటి వాన వెలిసింది. పై భాగంలో రెండుసార్లు ఆపి చూశాం, రాళ్లల్లో బండి బాగానే ఆగింది. ఇంక కిందకి దిగుతున్నాం. రాళ్లు అయిపోయి ఎర్రమట్టి మొదలైంది. దారి ఎడమకి తిరుగుతోంది.

మలుపులో ఎదురుగా ఎడ్లబండి వచ్చింది. కట్టెల బండి. ఒక ముసలాయన ముందు కూచుని తోలుతున్నాడు.

ఆదిబాబు బ్రేకు తొక్కాడు. చక్రాలన్నీ ఒక్కసారే బిగుసుకున్నాయి. చప్పుడు లేదు. అదే నాకు ఎక్కువ భయమేసింది. లారీ నూనెలో గిన్నెలా జారుతోంది. స్టీరింగు ఎడమకి పూర్తిగా తిప్పేశాడు. బండి తిన్నగా ఎడ్ల మీదకే పోతోంది. ఎద్దుల కళ్లు కనబడుతున్నాయి. పెట్టె స్విచ్చి కిందకే ఉంది. అది వెయ్యడానికి చెయ్యి ఖాళీ లేదు.

అప్పుడు అతను బ్రేకు మీంచి కాలు తీసేశాడు.

నేను అరిచాను. ఎడ్లబండి ముందుంచుకుని కాలు తీసేస్తున్నాడు, పిచ్చెక్కిందనుకున్నాను. చక్రాలు తిరిగాయి. తిరగ్గానే మట్టిని కరిచాయి. లారీ విసురుగా ఎడమకి మళ్లి గట్టుని గుద్దుకుంది. వెనక భాగం ఊగి ఎడ్లబండి చక్రానికి తగిలింది. ముసలాయన గెంతి పక్కన బురదలో పడ్డాడు. కట్టెలన్నీ దారంతా చిందాయి.

నాకు గీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. ఆదిబాబు స్టీరింగు మీద పడి ఉన్నాడు. కుడి భుజం కిందకి వేలాడుతోంది. "ఎడ్లు?" అన్నాడు. "ఆ మనిషి?"

ఆ ముసలాయన పేరు సోమ్‌రా మాఝీ, పక్క ఊరి సంతాల్ తెగ రైతు. లేచి ముందు ఎడ్లని విప్పాడు. ఒకదాని కాలికి దెబ్బ తగిలింది. దాని కాలు నిమిరి, నిలబెట్టి, అప్పుడు మా దగ్గరికి వచ్చాడు. ఊళ్లోంచి మనుషుల్ని పిలిచి, నులక మంచం తెప్పించి, ఆదిబాబుని దాని మీద వాగుదాకా మోయించింది ఆయనే. దారిలో నాతో హిందీలో అన్నాడు, ఈ మనిషి నన్ను చూసి బండి జోరు పెంచాడనుకున్నాను, నా ప్రాణం పోయిందనుకున్నాను, పక్కకెలా తిరిగిందో నాకు తెలీలేదు అని. నాకు తెలిసింది చెప్పాను. ఆయన మంచం మీదున్న ఆదిబాబు మొహంలోకి వంగి చూశాడు.

భుజం ఎముక రెండు చోట్ల విరిగింది. ఆసుపత్రిలో సీతారామరావు గారు రోజూ వచ్చి కూచునేవారు. మూడో రోజో నాలుగో రోజో ఆదిబాబే ఆ మాట కదిలించాడు.

"సారూ, నిజం సెప్పండి. స్విచ్చి ఏసుంటే ఏటయ్యీది?"

"బండి ఎంత దూరంలో ఆగేదో చెప్పలేను. కానీ మొదట్నుంచీ తిరిగేది. మీరు కాలు తియ్యాల్సిన పని ఉండేది కాదు."

"మరి పైన రాళ్లల్లో?"

"పైన పెట్టెని కట్టెయ్యడమే మేలు."

"ఒకటే దారి గదా."

"ఒకటే దారి" అని ఆయన ఒప్పుకున్నారు. "అక్కడ ఆగాలి, ఇక్కడ తిరగాలి. దారి ఎక్కడ మారుతుందో పెట్టెకి తెలీదు. స్విచ్చి పెట్టి మీకు వదిలేస్తే సరిపోతుందని నేనూ అనుకున్నాను. ఎడ్లబండి ఎదురొచ్చాక స్విచ్చి గుర్తొచ్చినా చెయ్యి ఎక్కడిది? దీనికి జవాబు నా దగ్గర లేదు, ఆదిబాబూ. పంపినవాళ్ల దగ్గర కూడా ఇంకా లేదు."

ఆయన వెళ్లాక నూకమ్మ క్యారేజీ తెచ్చింది. విన్నదంతా మనసులో పెట్టుకుని ఉంది కాబోలు, గిన్నె విప్పుతూ అడిగింది.

"నువ్వు కాలు తీసినావంటగా. మరి తమ్ముడు తియ్యలేదేటి?"

నేను లేచి వెళ్లిపోదామనుకున్నాను. ఆదిబాబు ఎడమ చేత్తో ఆగమన్నాడు.

"ఎదురుగా లోయ ఉంటే కాలు తియ్యాలని ఎవుడికి తోత్తాది నూకమ్మా? వదిలి తొక్కాలని ఆడికీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసినా కాలు ఇనదు. ఆ పెట్టె గాలి వదల్డం రోజూ సెవులారా ఇన్నాను. వదిలితే బండి తిరగడం కళ్లారా సూసినాను. అందుకే మొన్న నా కాలు ఇన్నాది. ఆడికి సూపించినోళ్లు ఎవులూ లేరు. ఆడు తప్పు సెయ్యలేదే."

నూకమ్మ గిన్నె కింద పెట్టింది. తమ్ముడు జోరుగా తోలుకుని చేతులారా చచ్చాడని ఊళ్లో అన్నవాళ్లున్నారు. ఆ మాట ఆమె ఎన్నేళ్లుగా మోస్తోందో మాకెవరికీ తెలీదు. కొంగుతో మొహం తుడుచుకుని, అన్నం కలిపి, ముద్దలు చేసి అతని ఎడమ చేతిలో పెట్టింది.

కట్టు విప్పకముందే ఆదిబాబు బస్సెక్కి సోమ్‌రా ఊరికి వెళ్లాడు, నన్ను తోడు తీసుకుని. ఫ్యాక్టరీవాళ్లు అప్పటికే బండికి కొత్త చక్రం చేయించి పంపారు. ఎద్దు కుంటడం మానింది. సోమ్‌రా మమ్మల్ని కుక్కి మంచం మీద కూచోబెట్టి, ఇంటావిడ చేత ఉడకబెట్టిన దుంపలు పెట్టించాడు. వచ్చేటప్పుడు మలుపు దాకా తోడొచ్చి, ఆ మట్టి వాన తగ్గాక కూడా ఎన్ని రోజులు తడిగా ఉంటుందో, ఎక్కడ పైకి పొడిగా కనబడుతూ కింద జారుతుందో కాలితో తొక్కి చూపించాడు. ఆదిబాబు బూట్లు విప్పేసి తనూ తొక్కి చూశాడు.

భుజం అతుక్కుంది గాని చెయ్యి తల పైకి లేచేది కాదు. పెద్ద బండి స్టీరింగు తిప్పలేకపోయాడు. పెట్టె గడువు అయిపోతే దాన్ని విప్పి, చెక్కపెట్టెలో సర్ది వెనక్కి పంపేశారు. ఇక్కడి రోడ్లకి ఇది ఇప్పుడే కాదని మావాళ్లు తేల్చారు. సీతారామరావు గారు మటుకు 'ఇప్పుడే' అన్న మాటని గట్టిగా పలికేవారు. ఎప్పటికీ కాదని ఆయన అనుకోలేదు.

ఆదిబాబుని స్టోర్స్‌లో నా పక్కన కూచోబెట్టారు. నట్లూ బోల్టులూ లెక్కపెట్టలేక నానా అవస్థా పడ్డాడు. ఆరు నెలలు కాకుండానే, లారీ ఓనర్లు కొందరు కలిసి డ్రైవర్లకి నేర్పే బడి ఒకటి పెడుతున్నారని తెలిసి అక్కడికి వెళ్లిపోయాడు. నూకమ్మ అడ్డు చెప్పలేదు. బడికి వచ్చే డ్రైవర్లలో సగం మంది భోజనానికి ఆమె దగ్గరికే చేరారు.

ఒక సెలవు రోజు ఆ బడి చూడ్డానికి వెళ్లాను. ఖర్కాయి నది ఒడ్డున ఖాళీ స్థలం, ఒక పక్క తడిమట్టి, ఒక పక్క గులకరాళ్లు. పదేళ్లుగా బండి తోలుతున్న ఛప్రా ఊరి నుంచి వచ్చిన మనిషి ఒకడు సవాలుగా అడుగుతున్నాడు, ఉస్తాద్, ఇంతకీ బ్రేకు బిగపట్టడం మంచిదా, వదిలి పట్టడం మంచిదా, ఒక్క మాటలో చెప్పు అని. ఆదిబాబు అతన్ని లారీలోంచి దిగమన్నాడు. చెప్పులు కూడా విప్పమన్నాడు. ఆ చివర నుంచి ఈ చివర దాకా దారంతా నడిచి వచ్చి, ఎక్కడ ఏముందో తనకి చెప్పమన్నాడు. అప్పుడే జవాబు చెబుతానన్నాడు.

ఛప్రా మనిషి విసుక్కున్నాడు. అయినా చెప్పులు లారీ మెట్టు మీద పెట్టి, పంట్లాం మడుచుకుని మట్టిలోకి దిగాడు.